పడుకునే వేళ పెరిగే చక్కెర – కషాయంతో తీరే సమస్య కాదు

“మా అమ్మాయికి పదకొండేళ్ళు. ఎనిమిదవ ఏట నుండి ఇన్సులిన్ వాడుతున్నాము. పగలంతా బాగానే ఉంటుంది. రాత్రి పడుకోబోయే ముందు చూస్తే మూడు వందలు దాటుతున్నది. సూది మందు మోతాదు పెంచాలంటే భయంగా ఉన్నది. పడుకునే ముందు ఇవ్వదగిన కషాయం గాని చూర్ణం గాని సెలవియ్యవలసినది.”

ఈ అభ్యర్థనతో నా వద్దకు వచ్చే తల్లిదండ్రులు ఈ మధ్య కాలంలో ఎక్కువయ్యారు. నెల్లూరు నుండి మైపాడు వరకు, ఇటు అల్లూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు ప్రాంతాల నుండి వస్తారు. అందరూ చదువుకున్నవారే. పిల్లకు చికిత్స చేసే మధుమేహ వైద్యుడు నెల్లూరులోనో చెన్నైలోనో ఉంటాడు. ఆయనను అడగడానికి మొగమాటపడి, ఆయుర్వేదమైతే హాని చేయదు గదా అన్న నమ్మకంతో నా గడప ఎక్కుతారు. ఆ నమ్మకాన్ని గూర్చే ఈ నాలుగు మాటలు వ్రాయదలచాను. నేను గురుకుల పద్ధతిలో, గురువుగారి ఇంట ఉండి, మందులు దంచి, గ్రంథం వల్లె వేసి ఈ విద్య నేర్చినవాడిని. మూలికల మీద అపనమ్మకం నాకు లేదు. అయినా ఆ తల్లిదండ్రులకు నా సమాధానం ఒకటే: ఈ జాతి మధుమేహంలో పడుకునే వేళ పెరిగే చక్కెరకు పసరు మందు లేదు. దాని కారణం మరొక చోట ఉన్నది. దానిని వెదకవలెను.

ముందుగా రెండు మధుమేహాలను వేరు చేయవలసి ఉన్నది. మన ఇళ్ళలో అమ్మమ్మలకు, తాతయ్యలకు నలభై, యాభై ఏళ్ళు దాటిన తరువాత వచ్చే మధుమేహంలో క్లోమం ఇన్సులిన్‌ను తయారు చేస్తూనే ఉంటుంది. శరీరం దానిని సరిగా వినియోగించుకోదు, క్రమంగా ఉత్పత్తి కూడా తగ్గుతుంది. అటువంటి వారికి ఆహార నియమం, నడక, బరువు తగ్గించడం ఎంతో మేలు చేస్తాయి. కొన్ని మూలికలకూ కొంత పాత్ర ఉన్నది. పిల్లలలోను, యువకులలోను సాధారణంగా కనబడే మొదటి రకం దీనికి భిన్నమైనది. శరీర రక్షణకు ఉండవలసిన శక్తియే తప్పుదారి పట్టి, క్లోమంలో ఇన్సులిన్‌ను తయారు చేసే కణాలను నాశనం చేస్తుంది. కొద్ది నెలలలోనో, సంవత్సరాలలోనో ఆ ఉత్పత్తి దాదాపు అడుగంటుతుంది. ఇక బయటి నుండి ఇన్సులిన్ ఇవ్వక తప్పదు. కాకరకాయ గాని, పొడపత్రి గాని, నేరేడు గింజ గాని, వేగిస చెక్క గాని లేని ఇన్సులిన్‌ను పుట్టించలేవు.

మన ఆచార్యులకు ఈ భేదం పూర్తిగా తెలియనిది కాదు. సుశ్రుతుడు ప్రమేహాన్ని సహజమని, అపథ్యం వలన కలిగేదని రెండుగా విభజించాడు. బీజదోషం వలన కలిగేది సహజం. ఆ రోగి కృశించి, రూక్షుడై, దాహంతో ఉంటాడు. రెండవవాడు స్థూలకాయుడు, తిండి, నిద్ర ఎక్కువగా గలవాడు. సహజ ప్రమేహ రోగి అల్పాహారి అని కూడా సుశ్రుతుడు చెప్పాడు. నేటి పిల్లలు తొలినాళ్ళలో ఎంత తిన్నా ఆకలి అంటూనే కృశిస్తారు గనుక, సహజ ప్రమేహమే నేటి మొదటి రకం అని ఒకదానికొకటి అతికించి గర్వపడడానికి నేను ఇష్టపడను. కాని కృశించిన రోగిని స్థూల రోగి వలె చూడరాదన్న మాట నేటికీ నిలుస్తుంది. చరకుడు బలవంతుడైన స్థూల రోగికి శోధన చికిత్సను, కృశించిన దుర్బలునికి బృంహణాన్ని, అనగా పోషణను విధించాడు. ఇది తెలిసి కూడా పిల్లకు రాత్రి చక్కెర పెరిగిందని భోజనం మాన్పించేవారిని, విరేచనానికి మందు ఇచ్చేవారిని ఏమనవలెను? వంశపారంపర్యంగా వచ్చే మధుమేహం అసాధ్యమని కూడా చరకుడు ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీ మన కాలపు ప్రకటనలలో కనబడదు.

మా గురువుగారిలో ఆ నిజాయితీ ఉండేది. నేను ఆయన వద్ద చదువుకుంటున్న రోజులలో, అంటే 1970ల చివర, పెన్న ఒడ్డున ఉన్న ఒక పల్లె నుండి పన్నెండేళ్ళ కుర్రవాడిని తీసుకొని వచ్చారు. రెండు నెలలలో ఎముకల గూడయ్యాడు. రాత్రి నాలుగైదు సార్లు లేచి చెంబెడేసి నీళ్ళు త్రాగుతున్నాడు. మూత్రానికి చీమలు పడుతున్నాయి. గురువుగారు నాడి చూసి, నాలుక చూసి, చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తండ్రితో, “నాయనా, ఇది నా మందుకు లొంగేది కాదు. ఈ రాత్రి రైలుకే మద్రాసు పో. అక్కడ సూది మందు ఉన్నది” అన్నారు. దక్షిణ పుచ్చుకోలేదు. పైగా దారి ఖర్చుకు తన పెట్టెలో నుండి ఇచ్చారు. వైద్యం తెలిసినవాడు ‘నా వలన కాదు’ అనడం నేను మొదటిసారి విన్నది అప్పుడే.

ఆ పాఠం విని కూడా నేను ఒక తప్పు చేశాను. వైద్యం ఆరంభించిన కొత్తలో సముద్ర తీరపు గ్రామం నుండి పదిహేనేళ్ళ బాలుడొకడు వచ్చాడు. ఇన్సులిన్ తీసుకుంటున్నట్లు తండ్రి చెప్పాడు. తోడుగా ఉంటుందని పొడపత్రి, నేరేడు గింజలు కలిపిన చూర్ణం ఇచ్చాను. ‘సూది మానవద్దు’ అని స్పష్టంగా చెప్పలేదు. చెప్పనక్కర లేదనుకున్నాను. వారు మాత్రం నా చూర్ణం మొదలుపెట్టిన మూడవ నాడు సూది తగ్గించి, ఆరవ నాడు మానేశారు. తొమ్మిదవ నాటి తెల్లవారుజామున ఆ పిల్లవాడిని బండి మీద తెచ్చారు. వాంతులు, కడుపునొప్పి, బరువైన వేగమైన శ్వాస, నోటి నుండి ముగ్గిన పండు వాసన. నెల్లూరులో ఆసుపత్రిలో చేర్చి, అయిదు రోజులకు ఇంటికి తెచ్చుకున్నాము. బ్రతికాడు. ఇన్సులిన్ అందక శరీరం కొవ్వును కరిగించుకొని కీటోన్లనే ఆమ్లాలతో రక్తాన్ని నింపుకోవడమే ఆ స్థితి. ఆనాటి నుండి మొదటి రకం మధుమేహ రోగి ఎవరు వచ్చినా, ఏ మాటా ఆడకముందే ‘ఇన్సులిన్ ఒక్క పూట కూడా మానరాదు’ అని కాగితం మీద వ్రాసి తండ్రి చేతా తల్లి చేతా చదివిస్తాను.

ఇన్సులిన్ చరిత్ర తెలిసినవారికి ఈ పట్టుదల అతి అనిపించదు. 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు యువకులు మాక్లియాడ్ ప్రయోగశాలలో దానిని వెలికి తీశారు. 1922 జనవరిలో లియొనార్డ్ థామ్సన్ అనే పద్నాలుగేళ్ళ బాలునికి తొలిసారిగా ఇచ్చారు. మొదటి సూది మలినాల వలన వికటించింది. కాలిప్ అనే రసాయనజ్ఞుడు శుద్ధి చేసిన మందును అదే నెలలో మళ్ళీ ఇచ్చిన తరువాత చక్కెర దిగింది. ఆ బాలుడు 1935 వరకు జీవించాడు. అంతకు పూర్వం అమెరికాలో ఆలెన్ వంటి వైద్యులు ఇటువంటి పిల్లలను దాదాపు పస్తు ఉంచి మరికొన్ని నెలలు బ్రతికించడమే గొప్ప. మన శాస్త్రం రోగాలలో సాధ్యం, అసాధ్యం అన్నవాటి మధ్య ‘యాప్యం’ అని ఒకదానిని చెప్పింది. పడబోయే ఇంటిని ఊతకర్ర నిలబెట్టినట్లు చికిత్స ఉన్నంతవరకు నిలిచేది. అసాధ్యంగా ఉన్న ఈ వ్యాధిని యాప్యంగా మార్చిన ఊతకర్ర ఇన్సులిన్. పరదేశపు మందు గదా అనేవారికి ఒక్క మాట. పాశ్చాత్య వైద్యంలో పట్టం పొందిన ఆచంట లక్ష్మీపతిగారు ఆయుర్వేదాన్ని ఆదరించారు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వెళ్ళి ఆధునిక ఔషధ పరిశోధనలో మహత్కార్యాలు చేశారు. మనవారికి అడ్డు రాని గోడ మనకెందుకు?

ఇక పడుకునే వేళ సంగతి. మొదట చెప్పిన పదకొండేళ్ళ పిల్ల కథ విన్నచో చాలా కారణాలు ఒకే చోట కనబడతాయి. తండ్రి బ్యాంకు ఉద్యోగి. తల్లి ఇల్లు చూసుకుంటుంది. ఉదయం ఎనిమిదింటికి, రాత్రి ఎనిమిదీ ముప్పావుకు రెండు పూటలా మిశ్రమ ఇన్సులిన్ ఇస్తున్నారు. పది గంటలకు గ్లూకోమీటరుతో చూస్తే 280, 310, 325. ఉదయం చూస్తే ఒకనాడు 130, ఒకనాడు 210.

నేను ఒక నోటు పుస్తకం ఇచ్చి, వారం రోజులు ఏమి తిన్నదో, ఎప్పుడు తిన్నదో, సూది ఎప్పుడు ఎక్కడ వేశారో వ్రాయమన్నాను. రాత్రి భోజనానికి ముందు కూడా చక్కెర చూడమన్నాను; అంతవరకు ఎవరూ చూడలేదు. వారం తరువాత పుస్తకం విప్పితే భోజనానికి ముందే 230, 245, 220 అని ఉన్నది. అంటే పది గంటలకు పెరిగినదనుకున్న చక్కెర సాయంత్రం ఆరింటికే పెరిగి కూర్చున్నది! అయిదున్నరకు బడి నుండి వచ్చి ఒక గ్లాసు పాలు పొడి కలుపుకొని, నాలుగు బిస్కట్లు, ఇంట్లో ఉంటే రెండు మురుకులు. ‘చిరుతిండియే గదా’ అని దానికి సూది లేదు. ఉదయపు మందు బలం అప్పటికి సన్నగిల్లింది.

రెండవది కాలం. సాధారణ ఇన్సులిన్ గల పాత మిశ్రమాలు సూది వేసిన అరగంటకు గాని పని ఆరంభించవు. రెండు మొదలు నాలుగు గంటల మధ్య బలంగా పని చేస్తాయి. వీరు విస్తరి ముందు కూర్చోబెట్టి సూది వేస్తున్నారు. అన్నం ముందు పరుగెత్తుతున్నది, మందు వెనుక నడుస్తున్నది. పైగా చూస్తున్నది భోజనమైన గంటంబావుకే. అప్పుడు చక్కెర శిఖరం మీద ఉంటుంది. మందు ఇంకా సగం పని కూడా చేయలేదు. ఆ అంకెను చూసి బెదరడం మధ్యాహ్నపు ఎండను చూసి సాయంత్రం రాదనుకోవడం వంటిది. (కొత్తగా వచ్చిన శీఘ్ర ఇన్సులిన్‌లు పావుగంటలోనే ఆరంభిస్తాయి, ఏ మందుకు ఎంత ముందు వేయవలెనో మీ వైద్యుని అడిగి వ్రాసుకొనవలెను.)

మూడవది సూది వేసే చోటు. కుడి తొడ మీద, నొప్పి తెలియని చోటని, ఏడాదిగా అక్కడే పొడుస్తున్నారు. వ్రేలు పెట్టి చూస్తే నిమ్మకాయంత మెత్తని గడ్డ. ఆ కొవ్వు గడ్డలో వేసిన మందు రక్తంలోకి సరిగా ఎక్కదు. ఒకనాడు ఆలస్యంగా, ఒకనాడు తక్కువగా ఎక్కుతుంది. అందుకే ఉదయపు అంకెలకు పొంతన లేదు. కడుపు, తొడలు, పిరుదులు, చేతుల వెనుక భాగం – ఇవన్నీ మార్చి మార్చి వాడవలెను.

నాలుగవది మా నెల్లూరువారి ఆదివారం. చేపల పులుసు అంటే పిల్లలకైనా రెండు ముద్దలు ఎక్కువే దిగుతుంది. చరకుడు ప్రమేహ కారణాలలో జలచరాల మాంసాన్ని పేర్కొన్నాడని పట్టుకొని చేప మానిపించే వైద్యులున్నారు. నేను మానిపించను. చేపలో పిండి పదార్థం లేదు. పెరిగే పిల్లకు కావలసిన మాంసకృత్తులు ఉన్నాయి. చక్కెరను పెంచేది చేప కాదు, పులుసుతో పాటు ఎక్కువగా లోపలికి పోయే అన్నం. వంద గ్రాముల వండిన అన్నంలో సుమారు 28 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. నూనె ఎక్కువైన కూర, వేపుడు, బిరియాని తిన్న నాడు జీర్ణం ఆలస్యమై, పది గంటలకు బాగున్న చక్కెర అర్ధరాత్రి దాటిన తరువాత పెరుగుతుంది. కొర్రలు, అరికెలు ఎంత తిన్నా చక్కెర పెరగదన్న ప్రచారం కూడా ఒకటి బయలుదేరింది. వాటిలో పీచు ఎక్కువ, మంచివే. కాని వాటిలోనూ పిండి పదార్థం దండిగానే ఉన్నది. మొదటి రకం రోగి కొర్రన్నాన్ని కూడా కొలుచుకొనే తినవలెను.

వీటన్నిటికంటె నన్ను భయపెట్టినది పుస్తకంలోని బుధవారం పుట. పది గంటలకు 318 ఉన్నదని, పొరుగింటి పెద్దాయన సలహా మీద అదే మిశ్రమ ఇన్సులిన్ మరి నాలుగు యూనిట్లు వేశారు. మూడింటికి తల్లికి మెలకువ వచ్చింది. పిల్ల జుట్టంతా చెమటతో తడిసి ఉన్నది. పిలిస్తే పలుకుతున్నది గాని మాట తడబడుతున్నది. చూస్తే 48. చక్కెర నీళ్ళు త్రాగించి కాపాడుకున్నారు. ఎనిమిదీ ముప్పావుకు వేసిన మందు ఇంకా పని చేస్తూ ఉండగానే దాని మీద మరొక మోతాదు పడింది. రెండూ కలిసి నడిరేయి పిల్లను లోయలోకి తోశాయి. భోజనపు సూది వేసిన మూడు నాలుగు గంటల లోపల, వైద్యుడు వ్రాసి ఇచ్చిన లెక్క లేకుండా, మరొక సూది వేయరాదు. రాత్రి 300 కంటె రాత్రి 48 వెంటనే ప్రాణాంతకం.

“ఏం చేసేది సామీ, పెరిగితే ఒక భయం, తగ్గితే ఒక భయం” అన్నాడు తండ్రి.

నిజమే. ఆ భయం వలన మరునాటి నుండి తల్లి ఇంకొకటి మొదలుపెట్టింది. పడుకునే ముందు, రాత్రి తగ్గిపోతుందేమోనని, ఒక అరటిపండు, గ్లాసెడు తియ్యటి పాలు. ఆ రాత్రుల తరువాతి ఉదయాలలో 260, 280. ప్రేమతో చేసిన పనియే. తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. కాని నియమం లేని అల్పాహారంతో నియమం లేని సూదిని సరిదిద్దలేము.

ఆహారంతోను, మందుతోను సంబంధం లేని కారణం కూడా ఒకటి ఉన్నది. పిల్లలు నిద్రపోయిన తొలి గంటలలో శరీరం పెరుగుదలకు కావలసిన హార్మోనును విడుదల చేస్తుంది. అది ఇన్సులిన్ పనికి ఎదురు నిలుస్తుంది. అందుచేత చిన్నపిల్లలలో పూర్వరాత్రి, ఈడు వస్తున్న పిల్లలలో తెల్లవారుజామున చక్కెర ఎక్కడం మామూలు. రాత్రి మొదటి భాగం కఫకాలమని మన గ్రంథాలు చెబుతాయి. దీనిని చూపి మనవారికి అన్నీ ముందే తెలుసునని నేను అనను; ఆ సమయం వృద్ధికి సంబంధించినదన్న పోలిక మాత్రం నాకు ఇంపుగా తోచింది. ఇటువంటి పెరుగుదలకు పిల్ల చేసిన తప్పేమీ లేదు. ‘ఏం తిన్నావు దొంగతనంగా?’ అని గద్దించే ముందు తల్లిదండ్రులు ఇది గుర్తుంచుకొనవలెను.

మా తీరానికి ప్రత్యేకమైన మరొక శత్రువు వేడిమి. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. తెరవని ఇన్సులిన్ 2 మొదలు 8 డిగ్రీల చలిలో ఉండవలెను, గడ్డ కట్టరాదు. వాడుకలో ఉన్న సీసాను చల్లని గదిలో సుమారు నెల రోజులు వాడవచ్చును. బండి డబ్బాలో, కిటికీ గట్టు మీద పెట్టిన మందు చూపునకు బాగానే ఉన్నా బలం కోల్పోతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల వద్ద తీరం దాటిన రోజులలో మా వైపు కుండపోత వాన. కరెంటు పోయిన ఇళ్ళలో ఫ్రిజ్జులు వెచ్చబడ్డాయి. అటువంటప్పుడు మన కుండ పనికి వస్తుంది. పెద్ద మట్టిపాత్రలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ ఉంచి, నీళ్ళు తగలకుండా మూత గల డబ్బాలో మందు పెట్టి, తడి గుడ్డ కప్పినచో బయటి వేడి కంటె చాలా చల్లగా ఉంటుంది. ఫ్రిజ్జుకు సమానం కాదు గాని ఆపద్ధర్మానికి చాలును. వేసవిలో ఇంటిల్లిపాదికీ అకారణంగా అంకెలు పెరిగితే ముందు సీసాను అనుమానించండి.

నేను ఆ పిల్లకు మోతాదు మార్చలేదు. అది నా విద్య కాదు. పుస్తకాన్ని తండ్రి చేతికిచ్చి, ‘దీనిని మీ డాక్టరుగారి బల్ల మీద పెట్టండి, మాట్లాడనక్కర లేదు’ అన్నాను. ఆయన వయసులో నాకంటె పాతికేళ్ళు చిన్నవాడు. పుటలు తిప్పి చూసి, రెండు పూటల మిశ్రమం తీసివేసి, రాత్రి ఒక దీర్ఘకాలిక ఇన్సులిన్, ప్రతి భోజనానికి ముందు శీఘ్ర ఇన్సులిన్, సాయంత్రపు తిండికి కూడా లెక్క ప్రకారం కొంత, ఇట్లా మార్చాడట. 2022లో భారత వైద్య పరిశోధన మండలి మొదటి రకం మధుమేహానికి మార్గదర్శకాలు వెలువరించింది. ఈ బహుళ సూదుల పద్ధతికే వాటిలోనూ ప్రాధాన్యం. సూదులు పెరిగాయని తల్లి కన్నీళ్ళు పెట్టుకున్నది. ఖర్చు కూడా పెరిగింది, అది దాచరాని నిజం. పడుకునే ముందు ఎంత ఉండవలెనన్నది ఒక్కొక్క పిల్లకు వైద్యుడు నిర్ణయిస్తాడు. సామాన్యంగా 90 మొదలు 150 మిల్లీగ్రాముల ప్రాంతంలో ఉంచజూస్తారు. 70 కంటె తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి ఇచ్చి, పావుగంట ఆగి మళ్ళీ చూడవలెను. స్పృహ లేనివారి నోట ఏమీ పోయరాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. 250 దాటి వాంతులో, కడుపునొప్పియో, ఆయాసమో ఉంటే తెల్లవారేదాకా ఆగరాదు. మూత్రంలో కీటోన్లు చూసే పట్టీలు మందుల షాపులలో దొరుకుతాయి, ఇంట ఉంచుకొనవలెను.

మరి ఆయుర్వేదానికి ఇందులో పని లేదా? ఉన్నది, కషాయపు గిన్నెలో కాదు, దినచర్యలో. పూర్వం మా ఊళ్ళలో దీపాలు పెట్టిన కొద్దిసేపటికే రాత్రి భోజనం ముగిసేది. ఇప్పుడు తొమ్మిదిన్నర వరకు టి.వి. ముందు కంచం కదలదు. భోజనాన్ని ఏడున్నరకు జరిపితే పడుకునే వేళకు మందు, అన్నం రెండూ తమ పని చాలావరకు ముగించుకుంటాయి. అప్పుడు చూసిన అంకెకు అర్థం ఉంటుంది. ముందుగా కూర, పప్పు, తరువాత అన్నం తింటే చక్కెర నిదానంగా ఎక్కుతుంది. భుక్తి తరువాత నూరడుగులు నడవమన్న పెద్దల మాట ఈ వ్యాధిలో కూడా ఉపయోగమే. అయితే సాయంత్రం బాగా ఆటలాడిన నాడు రాత్రి చక్కెర తగ్గవచ్చును గనుక ఆ రాత్రి మరొకసారి చూడవలెను. అభ్యంగనం మంచిదే. కాని సూది వేసిన వెంటనే ఆ చోట నూనె మర్దించి వేణ్ణీళ్ళు పోస్తే మందు ఒక్కసారిగా రక్తంలోకి ఎక్కుతుంది. శనివారపు తలంటు తరువాత కళ్ళు తిరిగిన పిల్లలను ఇద్దరిని చూశాను.

కాకరకాయను కూరగా తినండి. మెంతులు పోపులో, మజ్జిగలో వేసుకోండి. వాటి పీచు కొంత నెమ్మదింపజేస్తుంది. రసాలుగా, చూర్ణాలుగా, ‘రాత్రి చక్కెరకు’ అని మోతాదు పెట్టి పిల్లలకు ఇవ్వకండి. వాటి బలం ఇన్సులిన్‌తో కలిసినప్పుడు ఎంత దించుతుందో ముందుగా లెక్క కట్టలేము. ఇక పేరూ చిరునామా లేని పొడులలో అల్లోపతి మాత్రలు నూరి కలిపిన సందర్భాలు, సీసం వంటి లోహాలు బయటపడిన సందర్భాలు మన దేశంలోనే ఉన్నాయి. మధుమేహాన్ని నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. అయినా ఏ బస్టాండు గోడ చూసినా ఆ ప్రకటనే.

2021 మే నెలలో కృష్ణపట్నానికి కరోనా మందు కోసం వేలాదిగా తరలివచ్చిన జనాన్ని మా జిల్లావారు మరచిపోలేదు. ఆ మందు గుణాగుణాలు ఇక్కడ నా విషయం కాదు. ఆ వరుసలలో నిలబడ్డవారి ముఖాలలో నేను చూసింది ఆశ. ఆ ఆశయే సూది పొడవలేక ఏడ్చే తల్లిలోను ఉంటుంది. దానిని సొమ్ము చేసుకోవడం ఎంత సులభమో వైద్యులకు తెలుసు. పత్రికలకూ కొంత బాధ్యత ఉన్నది. మనం ‘మధుమేహానికి కాకర’ అని శీర్షిక పెట్టి, ఏ మధుమేహానికో చెప్పకుండా ఎన్ని చిట్కాలు అచ్చు వేశాము! అటువంటివి నేనూ వ్రాశాను. ఇకపై అటువంటి ప్రతి చిట్కా క్రింద ‘ఇన్సులిన్ వాడే పిల్లలకు వర్తించదు’ అన్న ఒక్క పంక్తి తప్పక ఉండవలెనని సంపాదకులను కోరుతున్నాను.

గత నెలలో ఆ పిల్లను మళ్ళీ తీసుకొనివచ్చారు. రాత్రి పది గంటల అంకెలు 138, 151, 127. చేపల పులుసు ఆదివారం మాత్రం 196. దాని పక్కన పిల్ల తన చేతితోనే ‘రెండోసారి అన్నం పెట్టించుకున్నాను’ అని వ్రాసుకున్నది. తొడ మీది గడ్డ సగానికి తగ్గింది. తల్లి లోపలికి పోయి మా ఇంటిదానితో మాట్లాడుతుండగా పిల్ల నా దగ్గరకు వచ్చి, మెల్లగా, “తాతా, మజ్జిగలో మెంతులు వేయకపోతే కుదరదా? చేదుగా ఉంది” అని అడిగింది.

అక్కర లేదన్నాను.